ఊరిని కిందనుంచి చూపినవాడు

లోరియానో రబ్బరు బూట్లు మా గుమ్మం లోపలే ఉండేవి. ఆయన కాపురం మా పై అంతస్తులో. అయినా సాయంత్రం పని నుంచి వచ్చి, మా గుమ్మం ఎదుట మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ దాకా ఉండే ఆ బూట్లు ఒక్కొక్కటే లాగి మా తలుపు వెనక గోడకి ఆనించి, సంచిలోంచి చెప్పులు తీసి వేసుకుని, అప్పుడు పైకి వెళ్ళేవాడు. వాటి అడుగున ఎప్పుడూ ఆర్నో నది బురద ఉండేది. మొదట్లో మా ఆవిడ గొణిగింది. తర్వాత తనే వాటి కింద పాత వార్తాపత్రిక పరచడం మొదలుపెట్టింది.

ఆ బూట్లు పైకి ఎందుకు వెళ్ళవో మా సాన్ ఫ్రెదియానో పేటలో అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు ఓర్నెల్లా ఆయనకి ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇంట్లోకి నది రాకూడదు. బురదగా గానీ, వాసనగా గానీ, మాటగా గానీ.

ఆ షరతు ఆయన ఎన్నడూ తప్పలేదు. మా ఇళ్ళ పైకప్పులు పల్చన. పై అంతస్తులో మాట్లాడుకునేది మాకు వినపడుతుంది. "పనెలా ఉంది?" అని ఓర్నెల్లా అడిగేది. "బాగానే ఉంది" అనేవాడు. వానలు పడ్డ రోజుల్లో "ఇవాళ పనికి వెళ్ళలేదు" అనేవాడు. ఎందుకని ఆవిడ అడిగేది కాదు. తర్వాత చెంచాల చప్పుడు, టీవీ చప్పుడు.

అలాంటి షరతు పెట్టిన మనిషి పడవవాణ్ణి ఎందుకు చేసుకుందంటే, వాళ్ళని కలిపింది కూడా ఆ నదే.

లోరియానో తండ్రీ తాతా ఇసుక తీసేవాళ్ళు. అడుగు బల్లపరుపుగా ఉన్న పొడుగాటి పడవలో నిలబడి, ఇనప మొన ఉన్న గడతో నెట్టుకుంటూ వెళ్ళి, నది అడుగునుంచి ఇసుక తోడి ఒడ్డుకి చేర్చేవాళ్ళు. మా ఫ్లారెన్స్‌లో పాత ఇళ్ళ గోడలకి పూసిన గారలో ఆ ఇసుకే ఉంది. "ఈ ఊరి ప్రతి మేడలోనూ మా నాన్న నడుంనొప్పి కాస్త ఉంది" అనేవాడు లోరియానో. గడ తన ఎత్తుకి రెండింతలు ఉన్నప్పుడే ఆయన దాన్ని పట్టుకున్నాడు. మీసాలు వచ్చేసరికి నది అడుగు ఎక్కడ మెత్తనో, ఎక్కడ రాయో చేతికే తెలిసిపోయేది.

పందొమ్మిది వందల అరవై ఆరు నవంబరులో నది గట్టు దాటి ఊళ్ళోకి వచ్చింది. బోర్గో సాన్ యాకొపో వీధిలో ఒక వరస ఇళ్ళకి ముందువైపు వీధి, వెనకవైపు నది. ఆ ఇళ్ళ కాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. ఓర్నెల్లా తండ్రి గ్వాల్తియేరో అక్కడ కింద దుకాణం పెట్టుకుని పటాల చట్రాలకి బంగారు రేకు అంటించేవాడు. పైన కాపురం. ఆ ఉదయం నీళ్ళు పెరుగుతున్నాయని తెలిసి ఆయన దుకాణంలోకి దిగాడు. ఏదో చర్చి కోసం చేస్తున్న చట్రం ఉంది, రేకు ఇంకా ఆరలేదు, దాన్ని పైకి తెచ్చేస్తానన్నాడు. ఓర్నెల్లా వెనక కిటికీలో నిలబడి కిందికి చూస్తోంది. దుకాణం వెనక గోడ ఒక పక్క విరిగింది. ముందు బంగారు చట్రాలు బయటికి వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, బురదరంగు నీటి మీద తేలుతూ, సుడిలో తిరుగుతూ పోయాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. తండ్రి చాలా దిగువన, చాలా రోజుల తర్వాత దొరికాడు.

సాయంత్రానికి ఉరవడి కాస్త తగ్గాక ఇసుక పడవలు వీధుల్లోకి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని నడుపుతున్నది లోరియానో. వీధివైపు కిటికీలోంచి ముందు ఓర్నెల్లా తల్లిని, తర్వాత ఆవిడ చెల్లెలు ఇల్వాని, చివర ఓర్నెల్లాని దింపుకున్నాడు. ఎత్తు మీదున్న చర్చి దగ్గర దించి, మళ్ళీ వెళ్ళిపోయాడు. మూడేళ్ళ తర్వాత వాళ్ళ పెళ్ళయింది.

ఆ మూడేళ్ళలోనే ఇసుక పని చచ్చిపోయింది. యంత్రాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. లోరియానో ఊరి బస్సు డ్రైవరుగా చేరి రిటైరయ్యేదాకా అదే పని చేశాడు. కానీ నది ఆయన్ని వదల్లేదు. వాళ్ళ నాన్న స్నేహితుల పడవలు రెండో మూడో తుప్పల కింద కుళ్ళిపోతుంటే, ఆయన ఇంకో నలుగుర్ని పోగు చేసి, సెలవు రోజుల్లో చెక్కలు మార్చి, తారు పూసి, మళ్ళీ నీళ్ళలోకి దింపాడు. ఇసుక ఎవరికీ అక్కర్లేదు కాబట్టి మనుషుల్ని ఎక్కించుకున్నారు. రిటైరయ్యాక ఆయనకి రోజూ అదే పని. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు మా ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు కదా. బస్సు కంపెనీలో బళ్ళు కడిగే పని చేస్తున్న నన్ను కూడా ఆ పడవల్లోకి లాగింది ఆయనే.

మాలో మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఏ మేడ ఎవరిది, ఏ రాజు ఎవరిని పొడిచాడు, ఏ చిత్రకారుడు ఎవరి పెళ్ళాంతో పారిపోయాడు, అన్నీ చెప్తాం. సగం మేమే కల్పిస్తాం. లోరియానో మాట్లాడడు. జనాన్ని కూర్చోబెట్టి, పాత వంతెన కిందికి తీసుకెళ్ళి, పడవని వంతెన కాలికి ఆనించి, "చెయ్యి పెట్టండి" అంటాడు.

అంతే. కానీ అది మాలో ఎవరికీ తోచలేదు. మా ఊళ్ళో గొప్ప వస్తువు ఏది చూడబోయినా ముందు తాడు ఉంటుంది, గాజు ఉంటుంది, కుర్చీలో కూర్చుని కళ్ళెర్రజేసే మనిషి ఉంటాడు. రోజంతా చేతులు దగ్గర పెట్టుకుని తిరిగినవాళ్ళు ఇక్కడికొచ్చి, వందల ఏళ్ళ నాటి రాయిని తడిగా, చల్లగా, నాచుతో సహా అరచేతి కింద పెట్టుకుంటారు. పడవలో మాటలు ఆగిపోతాయి. తల పైకెత్తితే ఆ పెద్ద కమాను అడుగున నీటి మీంచి పడ్డ వెలుగు పాకుతూ ఉంటుంది. "ఊళ్ళో నడిచేటప్పుడు ఇదంతా ఎప్పటినించో ఉన్నట్టే ఉంటుంది," అని ఒకసారి నాతో అన్నాడు. "కిందనుంచి చూస్తేనే, ఎవరో మోసుకొచ్చి ఒకదానిమీద ఒకటి పేర్చారని తెలుస్తుంది."

ఒకసారి ఎక్కడో దూరదేశపు పెద్దాయన ఆ రాతి మీంచి చెయ్యి తియ్యడం లేదు. వెనక నా పడవ వరసలో ఉంది, నా పడవలో పిల్లలు గోల చేస్తున్నారు. "ఓయ్ లోరియానో, అక్కడే కాపురం పెట్టావా?" అని అరిచాను. ఆయన గడ కిందికి గుచ్చి, దాని మీద ఒరిగి, పడవని కదలకుండా పట్టుకుని ఉన్నాడు. ప్రవాహానికి ఎదురు అలా పట్టుకు నిలబడ్డం ఎంత కష్టమో మాకే తెలుసు. "ఆయన చూడ్డం ఇంకా అవలేదు" అన్నాడు, తల తిప్పకుండా.

వంతెన దాటాక ఎడమ పక్కన నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్న ఆ ఇళ్ళ వరస వస్తుంది. అక్కడ, ఆకుపచ్చ తలుపులున్న ఒక కిటికీ కింద, లోరియానో గడ పైకి తీసేవాడు. మొనలోంచి నీళ్ళు కారుతుండగా దాన్ని నిలువుగా పట్టుకుని, పడవని కాసేపు దానిమానాన పోనిచ్చేవాడు. తర్వాత మళ్ళీ గడ వేసేవాడు. ఎక్కినవాళ్ళు తమ ఫోటోల కోసం ఆపాడనుకునేవాళ్ళు. ఆ కిటికీ ఎవరిదో మాకు తెలుసు. అడిగేవాళ్ళం కాదు.

ఇక ఓర్నెల్లా. ఆవిడ నది దాటాలంటే పాత వంతెన ఒక్కటే. మిగతా వంతెనల మీద రెండు పక్కలా నది పరుచుకుని కనిపిస్తుంది. పాత వంతెన మీద నగల దుకాణాలు రెండు వరసల్లో గోడల్లా నిలబడి ఉంటాయి కాబట్టి వీధిలో నడిచినట్టే ఉంటుంది. నట్టనడుమ మాత్రం దుకాణాలు ఆగిపోయి కాస్త ఖాళీ వస్తుంది. ఊరు చూడొచ్చినవాళ్ళంతా అక్కడే మూగుతారు. ఓర్నెల్లా అక్కడ తల దించుకుని గబగబా నడుస్తుంది. మా పేటవాళ్ళెవరైనా పక్కన ఉంటే, చెప్తున్న మాట ఆపకుండానే ఆవిడకీ నదికీ మధ్యకి జరుగుతాం. ఎవరూ నేర్పలేదు. మా అమ్మ అలా జరగడం చూసి నేను, నన్ను చూసి మా ఆవిడ. ఓర్నెల్లా కూడా ఎప్పుడూ గమనించినట్టు కనబడలేదు. కానీ ఆ ఖాళీ దాటాక మోచేతిమీద చిన్నగా తట్టేది.

ఆయన పడవ మానేసిన ఏడు వేసవిలో లోరియానో కుడి భుజం మొరాయించింది. గడ ఎత్తినప్పుడల్లా పళ్ళు బిగించేవాడు. అక్టోబరు మొదటి ఆదివారంతో ఆపేస్తానన్నాడు. ఆ తర్వాత ఆయన పడవ నాది.

ఇంకేం కావాలని ఎవరైనా అడిగితే ఏమీ వద్దనేవాడు. కానీ ఆయనకి ఒక్కటి మిగిలిపోయిందని రేవులో అందరికీ తెలుసు. జపాను నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్ళంతా ఆయన పడవలో కూర్చుని ఊరిని కిందనుంచి చూశారు. ఓర్నెల్లా చూడలేదు. ఆదివారం దాటితే ఇక చూపించడానికి ఆయన చేతిలో గడ ఉండదు.

"అడగరాదూ?" అన్నాను ఒకరోజు. పడవ మీద వయసుతో పని లేదు, అందరం ఒకరినొకరు నువ్వనే అనుకుంటాం.

"మాటిచ్చాను."

"ఇంట్లో ఎత్తనని కదా ఇచ్చావ్. బయట అడుగు. మెట్ల మీద అడుగు. మా గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ అడుగు."

"నువ్వు లాయరువి కావలసింది, వియేరీ. పడవ నడపడం ఎలాగూ రాలేదు నీకు."

అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆ ఆదివారం వాతావరణం బాగుంది. నీళ్ళు నిదానంగా ఉన్నాయి. లోరియానో పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "పెళ్ళికొడుకు వచ్చాడర్రా" అని రేవులో ఏడిపించాం. సాయంత్రం ఆఖరి విడతకి బొలోన్యా నుంచి ఒక కుటుంబం రావాలి. ఎంతకీ రాలేదు. పైన రోడ్డు మీద ఏదో గోలగా ఉంటే చూసొస్తానని మెట్లెక్కాను.

పాత వంతెన మూసేశారు. అడ్డంగా టేపు కట్టి పోలీసులు నిలబడ్డారు. జనం గుంపు కట్టి తిడుతున్నారు. ఆ గుంపులో అందరికంటే ముందు ఓర్నెల్లా ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అవతల ఉన్న చెల్లెలు ఇల్వా ఇంటికి భోజనానికి వెళ్తుంది. సాయంత్రం తిరిగొస్తుంది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. చిన్న పోలీసు కుర్రవాడు, యాస చూస్తే దక్షిణాదివాడు, ఆవిడ ముందు చెమటలు కక్కుతున్నాడు.

"ఎవరి కోసం మూశారు?" అంటోంది ఓర్నెల్లా.

"ఏదో దేశపు అధ్యక్షుడి భార్యట, సిన్యోరా. చెవిపోగులు చూస్తోంది."

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలన్నారు."

"ఎన్ని చెవులున్నాయి ఆవిడకి?"

గుంపులో నవ్వులు. కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. "సాంతా త్రినితా వంతెన అదిగో, సిన్యోరా. ఐదు నిమిషాల నడక."

"నాకు తెలుసు నాయనా అది ఎక్కడుందో. నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది."

గుంపు తిట్టుకుంటూ అటువైపు కదిలింది. ఆవిడ కదల్లేదు. నేను పక్కకి వెళ్ళాను.

"నేను తోడొస్తాను. నదివైపు నేనుంటాను" అన్నాను.

"ఆ వంతెనకి రెండువైపులా నదే. నువ్వేమో ఒక్కడివి. అదీ గడకర్రలా ఉన్నావ్."

"పోనీ టాక్సీ పిలుస్తాను. కళ్ళు మూసుకుని కూర్చోండి."

"ఒకసారి అదీ చేశాను." ఆవిడ నవ్వు పోయింది. "కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది."

గట్టుగోడకి వీపు ఆనించి నిలబడింది. గోడకి అవతలే నది. ఆవిడ చూపంతా ఎదుటి కాఫీ హోటలు మీద ఉంది. కాసేపయ్యాక అడిగింది:

"ఆయన కిందే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎవరున్నారు పడవలో?"

"ఎవరూ లేరు. ఆఖరి విడతవాళ్ళు రాలేదు."

"పొద్దున్న గడ్డం గీసుకున్నాడు చూశావా," అంది. "ఆదివారం పూట. ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు. ఇవాళే ఆఖరని నాకేం తెలియదనుకుంటాడు."

"తెలుసని మీరే అనొచ్చుగా, సిన్యోరా."

"ఏమని అనను? ఆ మాట ఎత్తకూడదన్నది నేనే కదా." పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఒక్కసారి అడుగుతాడేమో అనుకున్నాను ఈ వారమంతా. నిన్న రాత్రి భోజనంలో మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఉప్పు అడిగాడు."

గట్టుగోడ మీంచి వీపు తీసింది.

"మెట్లు ఎటు?" అంది.

"సిన్యోరా, అక్కడ మరీ దగ్గర. నీళ్ళు చేతికి తగులుతాయి."

"దగ్గరగా నేనెప్పుడు చూశాను? నేను చూసింది కిటికీలోంచి, పైనుంచి. వరద రోజు పడవలో ఉన్నంతసేపూ ఆయన వీపే చూశాను. స్వెట్టరుకి భుజం దగ్గర చిరుగుంది." నా మోచెయ్యి పట్టుకుంది. "పద. మధ్యలో వెనక్కి తిరుగుతానంటే తిరగనియ్యి. బలవంతం చెయ్యకు."

మెట్లు నిటారుగా ఉంటాయి. ఆవిడ ఒక్కో మెట్టూ చూసుకుంటూ, మెట్టుకి తప్ప దేనికీ కళ్ళెత్తకుండా దిగింది. కింద గడ్డి దాటితే చెక్క రేవు. లోరియానో పడవలో నిలబడి, తాళ్ళు చుట్టుకుంటున్నాడు. అడుగుల చప్పుడు విని, "రాలేదా వాళ్ళు?" అంటూ తలెత్తాడు.

ఆయన చేతిలోంచి తాడు జారిపోయింది. ఓర్నెల్లా ఆయన కాళ్ళ వైపు చూసింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ బూట్లతో ఆవిడ ఆయన్ని ఎప్పుడూ చూడలేదని. ఆయన ఒక కాలు రెండో కాలి వెనక్కి పెట్టుకోబోయాడు. ఆ పడవలో దాచుకోవడానికి చోటెక్కడుంది?

"ఇవేనా అవి?" అంది ఓర్నెల్లా.

"ఊఁ."

"వియేరీ వాళ్ళావిడ ఎలా భరించిందో." పళ్ళెం నాకిచ్చింది. "పైన వంతెన మూసేశారు. నన్ను ఇంటికి దింపుతావా?"

లోరియానో ఇస్త్రీ చొక్కా చేతితో బల్ల తుడిచాడు. ఆరిన బల్లే అది. తుడుస్తూనే ఉన్నాడు.

"చాలు, అరిగిపోతుంది," అంది ఓర్నెల్లా. "నువ్వూ ఎక్కు, వియేరీ. మేమిద్దరం కొట్టుకుంటే విడదీయడానికి."

ఆవిడ ఆయనకి ఎదురుగా కూర్చుంది. అంటే ముందున్న నదికి వీపు. నేను ముందు కొసన కూర్చున్నాను. లోరియానో గడ వేశాడు. ఎంత మెల్లగా వేశాడంటే నీటి చప్పుడే లేదు. ఓర్నెల్లా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, ఆయన చొక్కా గుండీల మీద చూపు నిలబెట్టింది. వేళ్ళు తెల్లబడ్డాయి. "వెనక్కి తిప్పమంటావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపింది.

వంతెన నీడ మా మీద పడింది. చల్లబడింది. మామూలుగా ఆ వేళకి పైనుంచి జనం రొద దొర్లుతూ ఉంటుంది. ఆ రోజు నిశ్శబ్దం. కమాను అడుగున మాకు మా ఊపిరే వినపడింది. అంతలో పైన ఎక్కడో టక్ టక్‌మని ఎత్తుమడమల చెప్పుల చప్పుడు, ఒక్క మనిషిది, నింపాదిగా.

"చెవిపోగులావిడ," అంది ఓర్నెల్లా.

నవ్వు ఆపుకోలేకపోయాను. లోరియానో కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఆవిడ తల పైకెత్తింది. పడమటి ఎండ నీటి మీంచి లేచి కమాను రాళ్ళ మీద కదులుతోంది, పగుళ్ళు పగుళ్ళుగా, వణుకుతూ. ఆవిడ చాలాసేపు అలాగే చూసింది.

"మా నాన్న రేకు అంటించాక ఇలాగే ఉండేది," అంది. "రాయితో రుద్ది నునుపు చెయ్యకముందు. అప్పుడు ఎవర్నీ ఊపిరి పీల్చనిచ్చేవాడు కాదు."

లోరియానో పడవని వంతెన కాలికి ఆనించాడు. వందలమందితో అన్న మాట అనలేదు. గడ గుచ్చి, భుజం నొప్పికి పళ్ళు బిగించి, పడవని పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ రాయి వైపు చూసింది, ఆయన భుజం వైపు చూసింది. చెయ్యి మాత్రం పెట్టలేదు.

"తరవాత," అంది.

ఆయన తల ఊపి, పడవని కమాను అవతలికి నెట్టాడు.

ఎదుట సాంతా త్రినితా వంతెన ఎండలో ఉంది. ఎడమ పక్కన ఇళ్ళ వరస మొదలైంది. ఇక్కడికి వచ్చేసరికి లోరియానో చేతులు వాటంతటవే పనిచేశాయి. గడ పైకి వచ్చింది. మొనలోంచి నీళ్ళు కారుతుండగా నిలువుగా నిలబడింది. అప్పటికిగానీ ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. గబుక్కున మళ్ళీ వెయ్యబోయాడు.

"ఎందుకు ఆపావ్?" అంది ఓర్నెల్లా.

ఆవిడ ఆయన కళ్ళు ఎటు పోయాయో చూసి, నెమ్మదిగా మెడ తిప్పింది. గోడ వెంబడి పైకి, ఇంకా పైకి చూసింది. ఆకుపచ్చ తలుపుల కిటికీ తెరిచి ఉంది. ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

"అదా?" అంది.

"అదే."

"అంత ఎత్తా?"

ఆయన ఊఁ అన్నాడు. ఆవిడ కిటికీ వైపు చూసి, తర్వాత మొదటిసారిగా తల దించి నీటిని చూసింది. పడవ అంచుకి రెండు జానెల కింద, పచ్చగా, ఓ ఎండుటాకుని మోసుకుంటూ పోతోంది. మళ్ళీ కిటికీ చూసింది.

"ఇంత కిందన ఉంటుందా ఇది, మామూలుగా?"

"ఇంత కిందనే ఉంటుంది, ఎప్పుడూ."

"నాకు కిటికీ కిందే ఉన్నట్టుంటుంది," అంది. "చెయ్యి చాపితే అందేట్టు. ఇన్నేళ్ళూ."

పడవ దానిమానాన పోతోంది. ఒక కొంగ స్తంభం మీంచి లేచి అవతలి గట్టుకి ఎగిరిపోయింది.

"ప్రతిసారీ ఆపుతావా ఇక్కడ?"

"ప్రతిసారీ."

"ఎక్కినవాళ్ళకి ఏం చెప్తావ్?"

"ఏం చెప్పను. వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు."

ఓర్నెల్లా నా దగ్గరనుంచి పళ్ళెం అడిగి తీసుకుని గుడ్డ తీసింది. ఇల్వా చేసిన ద్రాక్షపళ్ళ రొట్టె, ఆ నెలలో మాత్రమే చేసుకునేది. ఒక పెద్ద ముక్క తుంచి ఆయన చేతికి ఇచ్చింది. ఒక చేతిలో గడ, ఒక చేతిలో రొట్టె. నల్లటి రసం ఇస్త్రీ చొక్కా మీద కారింది.

"కారిందా," అంది. "కారనీ. ఆ చొక్కాతో ఇంక పనేముంది."

తిరుగుదారిలో వంతెన కిందికి వచ్చినప్పుడు ఆయన మళ్ళీ పడవని ఆనించాడు. ఈసారి ఆవిడ అరచెయ్యి రాయి మీద పెట్టింది. లోరియానో గడ మీద ఒరిగి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజం వణుకుతోంది. నేను లేచి సాయం పట్టబోతే కళ్ళతోనే వద్దన్నాడు. ఆవిడ చూడ్డం అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు.

అవతలి ఒడ్డున మా పాత ఇసుక రేవులో దిగాం. లోరియానో గడ నా చేతికిచ్చాడు. "మొన వదులైంది, బిగించు" అన్నాడు. పడవ కట్టేసి నేను వాళ్ళ వెనకాల నడిచాను. సందుల్లో వాళ్ళు ఎప్పటిలాగే, ఆవిడ రెండడుగులు ముందు, ఆయన వెనక.

మా అంతస్తుకి వచ్చేసరికి లోరియానో అలవాటుగా మా గుమ్మం ఎదుట మెట్టు మీద కూర్చున్నాడు. బూటు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. చప్పుడు విని మా ఆవిడ పాత పత్రికతో తలుపు తీసింది. ఓర్నెల్లా అప్పటికే పై మలుపు దగ్గర ఉంది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"బూట్లు..."

"చూశానుగా వాటిని. ఇంకా ఏం దాస్తావ్? వంట ఆలస్యమవుతోంది, రా."

లోరియానో సగం ఊడిన బూటులోకి మళ్ళీ కాలు దూర్చి లేచాడు. గోడ పట్టుకుని ఎక్కాడు. మెట్టు మెట్టుకీ తడి ముద్ర పడింది. పైన తలుపు వేసుకున్న చప్పుడు. తర్వాత మా నెత్తిమీద, వంటింటి వైపు, ఆ బరువైన బూట్ల అడుగులు.

మా ఆవిడ కాసేపు గుమ్మంలోనే నిలబడింది. పత్రిక మడిచి లోపల పెట్టేసింది.